డాలస్ వెళ్తే ఏడాదికి ఎంత మిగులుతుంది?

ప్రశ్న: ఏడేళ్లుగా ఫ్రీమాంట్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో అద్దెకు ఉంటున్నాం. అద్దె నెలకి 3,300 డాలర్లు. నా జీతం 1,60,000, మా ఆవిడది లక్ష. పాప ఆరో తరగతి, బాబుకి మూడేళ్లు. మా తోడల్లుడు డాలస్ అవతల సెలీనాలో కొత్త ఇల్లు కొన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "అన్నయ్యా, మీరు ఏటా పదమూడు శాతం కాలిఫోర్నియాకి ధారపోస్తున్నారు, ఇక్కడైతే సున్నా" అంటాడు. చెల్లెలు అక్కడే ఉంది కాబట్టి మా ఆవిడ మనసూ అటే లాగుతోంది. మా కంపెనీ డాలస్ ఆఫీసుకి మార్చుకోమంటోంది గానీ, జీతం ఏరియాని బట్టి సవరిస్తామంటోంది. మా ఆవిడ ఉద్యోగం ఇంటి నుంచే, జీతం మారదు. నేను హెచ్1బీలో ఉన్నాను, ఐ140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. హైదరాబాద్ శివార్లలో ఉన్న ప్లాటు అమ్మే ఆలోచన కూడా ఉంది. ట్యాక్స్ లేని రాష్ట్రానికి వెళ్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

సమాధానం: మీ తోడల్లుడు చెప్పిన రెండు అంకెల్లో సున్నా నిజమే. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. ఇకముందు కూడా వేయకూడదని 2019లో ఓటర్లు రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. పదమూడు మాత్రం మీ అంకె కాదు.

13.3 శాతం అనేది పది లక్షల డాలర్లకు పైన సంపాదించేవాళ్ల ఆదాయంలో చివరి ముక్క మీద పడే రేటు. మీలాంటి దంపతులకు 9.3 శాతం స్లాబు కూడా, డిడక్షన్లు పోయాక సుమారు 1,45,000 డాలర్లు దాటిన దగ్గర్నుంచే మొదలవుతుంది. దాని కిందంతా 1 నుంచి 8 శాతం దాకా మెట్లు. మీరిద్దరూ కలిపి 401కే రిటైర్మెంట్ ఖాతాల్లో ఏడాదికి 40,000 వేస్తున్నారనుకుని లెక్క వేశాను. స్టాండర్డ్ డిడక్షన్, పిల్లల క్రెడిట్లు తీసేస్తే మీ రాష్ట్ర పన్ను 11,000 పైచిలుకు వస్తోంది. దీనికి పే స్లిప్పులో ఎస్‌డీఐ (స్టేట్ డిసేబిలిటీ ఇన్సూరెన్స్) అని కనిపించే కోత కలపండి. 2024 నుంచి దానికి జీతం పరిమితి ఎత్తేశారు కాబట్టి ఇద్దరికీ కలిపి మూడు వేల పైన పోతుంది. మొత్తం పద్నాలుగున్నర వేలు, అంటే మీ ఆదాయంలో ఐదున్నర శాతం చిల్లర. (ఎస్‌డీఐ ఊరికే పోయే డబ్బు కాదు. బాబు పుట్టినప్పుడు మీ ఆవిడ సెలవులో ఉండగా రాష్ట్రం నుంచి వచ్చిన డబ్బు అందులోదే. టెక్సాస్‌లో ప్రభుత్వం నడిపే అలాంటి పథకం లేదు.)

కాబట్టి రాష్ట్రం మారడం వల్ల ఈ ఖాతాలో మీకు మిగిలేది ఏడాదికి పద్నాలుగున్నర వేలు. అంతకు మించి మిగలదు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఇది ముప్పై వేలో నలభై వేలో అనుకుని బయల్దేరేవాళ్లే అక్కడికెళ్లాక తల పట్టుకుంటారు.

డబ్బు లెక్కల్లో అన్నిటికంటే ముందు మీ హెచ్ఆర్‌ని అడగాల్సింది, "సవరిస్తాం" అంటే ఎంత అని. పది శాతం కోత పెట్టారనుకోండి. 16,000 పోయింది. ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ లెక్కేసుకుంటే చేతికి రావాల్సిన దాంట్లో పదకొండు వేల దాకా తగ్గుతుంది. పద్నాలుగున్నరలో ఇక మిగిలేది మూడున్నర వేలు. పైగా ఈ కోత ఒక్క ఏడాదితో పోదు. ఆ తర్వాత వచ్చే ప్రతి హైకూ, బోనస్సూ, 401కే మ్యాచ్ కూడా ఆ తగ్గిన జీతం మీదే లెక్క కడతారు. కోత ఐదు శాతం లోపు అయితే మాట్లాడుకోవచ్చు. పది దాటితే ట్యాక్స్ కోసం వెళ్తున్నామనే మాట మర్చిపోండి. చెల్లెలు దగ్గర్లో ఉంటుందని వెళ్లండి, అదీ మంచి కారణమే.

కోత లేదనే అనుకుని ఇంటి సంగతికి వద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది.

డాలస్‌కి ఉత్తరాన సెలీనా, ప్రాస్పర్ వైపు 6,50,000 పెట్టి కొత్త ఇల్లు కొన్నారనుకుందాం. టెక్సాస్‌లో బడులు నడిచేది ప్రధానంగా ఇళ్ల మీద పన్నుతోనే. కౌంటీకి కొంత, సిటీకి కొంత, స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఎక్కువ భాగం, కమ్యూనిటీ కాలేజీకి ఇంకొంత. కొత్త వెంచర్ అయితే రోడ్లకీ నీళ్ల లైన్లకీ చేసిన అప్పు తీర్చడానికి మడ్ అనో పిడ్ అనో మరొకటి. అన్నీ కలిపి 2.2 శాతం అనుకోండి. మడ్ ఉన్నచోట రెండున్నర దాటే ఇళ్లూ ఉన్నాయి. సొంతంగా ఉండే ఇల్లయితే హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది. స్కూల్ పన్నుకి సంబంధించి ఇంటి విలువలో 1,40,000 డాలర్లు వదిలేస్తారు, 2025 నవంబరులో ఓటర్లు దాన్ని లక్ష నుంచి పెంచారు. అది పోను మీకు ఏడాదికి 12,600 దాకా ప్రాపర్టీ ట్యాక్స్. కాలిఫోర్నియా జీతం మీద తీసుకున్నదాన్ని టెక్సాస్ ఇంటి మీద తీసుకుంటోంది, అంతే.

దాని పక్కనే ఇన్సూరెన్స్. ఉత్తర టెక్సాస్‌లో వసంతం వచ్చిందంటే వడగళ్లు. గోల్ఫ్ బంతంత రాళ్లు పడి వీధికి వీధి కప్పులు మార్చుకోవడం అక్కడ వింతేమీ కాదు. అందుకే ఆ సైజు ఇంటికి ఏడాదికి నాలుగైదు వేల ప్రీమియం మామూలు విషయం. పాలసీలో విండ్ అండ్ హెయిల్ డిడక్టబుల్ (నష్టంలో ముందు మీరు భరించాల్సిన వాటా) ఎంతో చూసుకోండి. అది డాలర్లలో కాకుండా శాతంలో ఉంటుంది. 5,00,000కి ఇన్సూర్ చేసిన ఇంటికి 2 శాతం అంటే, కప్పు పోయిన రోజు మొదటి పదివేలు మీ జేబులోంచే.

మీ తోడల్లుడు ఇల్లు కొని ఏడాది నిండిందా? ఈ మాట ఊరికే అడగడం లేదు. టెక్సాస్‌లో ఇంటి విలువని జనవరి 1 నాటికి ఎలా ఉందో దాన్ని బట్టి కడతారు. ఆ రోజుకి ఆయన ఇల్లు ఇంకా పునాదుల్లో ఉంటే, ఆ ఏడాది పన్ను స్థలం మీదా ఆ పునాదుల మీదా మాత్రమే. మూడు వేలు వచ్చిందనుకోండి. కొందరు లెండర్లు ఆ చిన్న బిల్లునే చూసి ఎస్క్రోలోకి (పన్ను, ఇన్సూరెన్స్ కట్టడానికి లెండర్ దగ్గర ఉండే ఖాతా) నెలకి 250 పట్టుకుంటారు. అసలు, వడ్డీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి నెల కిస్తీ 3,900 దగ్గర ఆగుతుంది. అందరూ సంతోషం. మరుసటి ఏడు పూర్తయిన ఇంటి మీద 12,600 బిల్లు వస్తుంది. అప్పుడు ఎస్క్రో షార్టేజ్ అని లెండర్ దగ్గర్నుంచి ఉత్తరం. ఇకనుంచి పన్ను కోసం నెలకి 1,050, పాత బాకీ 9,600ని పన్నెండు నెలలకు పంచి మరో 800. 3,900 ఉన్న కిస్తీ ఒక్కసారిగా 5,500 దాటుతుంది. బాకీ తీరాక 4,700కి దిగుతుంది గానీ మళ్లీ 3,900 ముఖం చూడదు. గృహప్రవేశానికి పిలిచేటప్పుడు ఈ ఉత్తరం గురించి ఎవరూ చెప్పరు, పాపం వాళ్లకే ఇంకా తెలిసుండదు.

ఇప్పుడు మీ నెల లెక్క చూడండి. ఇరవై శాతం డౌన్ కట్టి 5,20,000 అప్పు తీసుకుంటే, 6.5 శాతం వడ్డీకి అసలూ వడ్డీ నెలకి దాదాపు 3,290. పన్ను 1,050, ఇన్సూరెన్స్ 375, హెచ్ఓఏ (కాలనీ సంఘం రుసుము) ఓ 80. మొత్తం 4,800. ఫ్రీమాంట్‌లో కడుతున్న అద్దె కంటే నెలకి పదిహేను వందలు ఎక్కువ, ఏడాదికి 18,000. ట్యాక్స్‌లో ఆదా అయ్యేది పద్నాలుగున్నర వేలు. చవక రాష్ట్రానికి వెళ్లి నెలనెలా జేబులోంచి పోయేది పెంచుకున్నట్టు.

ఇందులో ఇంకో వైపూ ఉంది. ఆ 4,800లో మొదటి ఏడాది ఐదు వేల పైన అసలుకి జమ అవుతుంది, అది మీ ఆస్తి. వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్ చూపించి ఐటమైజ్ చేస్తే (స్టాండర్డ్ డిడక్షన్ బదులు అసలు ఖర్చులు చూపిస్తే) ఫెడరల్ ట్యాక్స్ మూడు వేలకు పైగా తగ్గొచ్చు. అవి కలిపితే మీరు నష్టపోరు, అలాగని పెద్దగా మిగుల్చుకునేదీ లేదు. డౌన్‌పేమెంటుగా పెట్టిన 1,30,000 బయట ఉంటే ఎంత వచ్చేదో నేనిక్కడ వేయలేదు. ఇంటి ధర పెరుగుతుందనీ వేయలేదు. ఆ రెండిట్లో ఏది గెలుస్తుందో నేనే కాదు, ఎవరూ ముందే చెప్పలేరు.

చిన్నాచితకా ఖర్చుల మీద ఎక్కువ చెప్పను. పెట్రోలు గ్యాలన్‌కి డాలరు పైనే తక్కువ, కానీ తిరిగే మైళ్లు ఎక్కువ, డాలస్ నార్త్ టోల్‌వే మీద రోజూ వెళ్లొస్తే టోల్‌ట్యాగ్ బిల్లు సెల్ ఫోన్ బిల్లుని మించుతుంది. కరెంటు యూనిట్ రేటు కాలిఫోర్నియాలో దానికి రెట్టింపు పైనే, కానీ ఫ్రీమాంట్‌లో మీరు ఏసీ వేసే రోజులెన్ని? అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా ఆపడానికి ఉండదు. సేల్స్ ట్యాక్స్ 8.25, అల్మేడా కౌంటీ కంటే తక్కువే. అన్నట్టు, అక్కడిది నల్లరేగడి లాంటి బంకమట్టి. ఎండాకాలం నేల ముడుచుకుపోయి పునాది పగలకుండా ఇంటి చుట్టూ సోకర్ పైపులు పరిచి నీళ్లు పెడుతుంటారు. పొలానికి నీళ్లు పెట్టిన వంశం మనది, ఇంటి పునాదికి నీళ్లు పెట్టడం మాత్రం అక్కడికెళ్లాకే చాలామందికి తెలిసింది.

ఇంతకీ డాలస్‌లో డబ్బు మిగిలేవాళ్లు లేరా? బోలెడంతమంది ఉన్నారు. వాళ్లకు మిగిలేది ఇంటి ధర తక్కువ కావడం వల్లే గానీ, ట్యాక్స్ లేకపోవడం వల్ల కాదు. ఆ 6,50,000 ఇంటిలో సగం సైజు ఇల్లు ఫ్రీమాంట్‌లో 15,00,000. దాని మీద 1.15 శాతం చొప్పున వేసుకున్నా ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 17,000. శాతం చిన్నదే గానీ డాలర్లలో టెక్సాస్ కంటే ఎక్కువ. 1978 నాటి ప్రొపొజిషన్ 13 పుణ్యమా అని కాలిఫోర్నియాలో పన్ను విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు, కాబట్టి పాతికేళ్ల కిందట కొన్నవాళ్లు హాయిగా ఉన్నారు. ఇప్పుడు కొనబోయే మీకు ఆ హాయి లేదు. టెక్సాస్‌లో సొంతింటికి ఆ పరిమితి 10 శాతం, అందుకే ఏటా ఏప్రిల్‌లో అప్రైజల్ నోటీసు (ఇంటి విలువ ఎంత కట్టారో చెప్పేది) రాగానే మే 15 లోపల ప్రొటెస్ట్ పెట్టడం అక్కడ ఉగాది పచ్చడంత తప్పనిసరి తంతు. మొత్తమ్మీద, సొంతిల్లు కావాల్సిందే అనే పట్టుదల మీకుంటే డాలస్‌దే పైచేయి. అద్దెకుండటానికి అభ్యంతరం లేకపోతే అప్పుడూ డాలస్‌దే పైచేయి, ఇంకా గట్టిగా. ఫ్రిస్కో, మెకిన్నీ వైపు 2,500 అద్దెలో దొరికితే ట్యాక్స్ పద్నాలుగున్నర వేలు, అద్దె తేడా తొమ్మిదిన్నర వేలు, రెండూ మీ దగ్గరే ఉంటాయి. రెండు బెడ్‌రూముల్లోంచి నేరుగా మూడు వేల చదరపు అడుగుల్లోకి దూకి, దాన్ని నింపడానికి సోఫాలు, రెండో కారు కొన్నవాళ్లకే ఆ మిగులు కనపడదు.

"ట్యాక్స్ లేని రాష్ట్రం" అనే మాట ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూడాలంటే నార్త్ కరోలినా చూడండి. అక్కడ జీతం మీద పన్ను ఉంది, 2025లో అందరికీ ఒకే రేటు, 4.25 శాతం. మీ ఆదాయానికి ఎనిమిది వేల పైన. కానీ రాలీ పక్కన కేరీలో ప్రాపర్టీ ట్యాక్స్ 1 శాతం లోపే. అదే 6,50,000 ఇంటికి రెండు పన్నులూ కలిపి పద్నాలుగు వేల లోపు. టెక్సాస్‌లో ఒక్క ఇంటి పన్నే 12,600. పేరుకి ఒకటి పన్ను లేని రాష్ట్రం, ఇంకొకటి ఉన్న రాష్ట్రం. మీ జేబుకి మాత్రం రెండూ దాదాపు ఒకటే.

ఈ రెండు రకాల పన్నుల మధ్య నాకు ముఖ్యంగా కనిపించే తేడా ఒకటుంది, దీన్ని డాలర్లలో చెప్పలేను. ఉద్యోగం పోయిందనుకోండి. జీతం మీద పన్ను ఆ రోజే ఆగిపోతుంది. ఇంటి మీద పన్ను ఆగదు. మీకు లేఆఫ్ అయిందో లేదో ఇంటి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి అనవసరం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ 60 రోజుల్లో నెలకి 3,300 అద్దె కట్టడం వేరు, అవసరమైతే ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు. 4,800 కిస్తీ ఉన్న ఇంటిని అమ్ముకోవడం వేరు, అదీ పక్కనే బిల్డర్ కొత్త ఇళ్లు డిస్కౌంట్లతో అమ్ముతుంటే. గ్రీన్ కార్డ్ చేతికి రానివాళ్లకి నేను అద్దె వైపే మొగ్గుతాను. ఈ మాట చాలామందికి నచ్చదని నాకు తెలుసు.

ప్లాటు సంగతి. మీ ఉత్తరంలో చివర్లో ఒక్క వాక్యంలో రాసేశారు గానీ, కాలిఫోర్నియా వదలడం వల్ల మీకు ఖాయంగా కలిసొచ్చేది ఇదే. ప్లాటు రెండేళ్ల పైన మీ పేరున ఉంటే ఇండియాలో లాభం మీద 12.5 శాతం పన్ను, పైన సర్‌చార్జి, సెస్సు. అక్కడ కట్టినదాన్ని ఫెడరల్ ప్రభుత్వం క్రెడిట్‌గా ఇస్తుంది. కాలిఫోర్నియా ఇవ్వదు. విదేశంలో కట్టిన పన్నుకి క్రెడిట్ లేదు, ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందాన్నీ ఆ రాష్ట్రం లెక్కలోకి తీసుకోదు. దీర్ఘకాలిక లాభానికి ప్రత్యేకంగా తక్కువ రేటు కూడా లేదు. లాభం లక్ష డాలర్లయితే, ఇండియాలో కట్టింది కాక 9,300 కాలిఫోర్నియాకి. ఎన్ఆర్ఈ డిపాజిట్ల వడ్డీదీ ఇదే తీరు, ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ తప్పదు. కాబట్టి వెళ్లడం ఖాయమైతే, టెక్సాస్‌లో నివాసం స్థిరపడ్డాక రిజిస్ట్రేషన్ పెట్టుకోండి. "స్థిరపడ్డాక" అంటే నిజంగానే. మీరు ముందు వెళ్లిపోయి, స్కూలు అయ్యేదాకా ఆవిడా పిల్లలూ ఫ్రీమాంట్‌లోనే ఉండి, ఆ మధ్యలో ప్లాటు అమ్మితే కాలిఫోర్నియా పన్నుల శాఖ మిమ్మల్ని ఇంకా తమ మనిషిగానే లెక్క కట్టొచ్చు. ఈ ఒక్క లావాదేవీకి మాత్రం ఒక సీపీఏకి (పన్నుల అకౌంటెంట్‌కి) డబ్బిచ్చి రాతపూర్వకంగా సలహా తీసుకోవడం దండగ కాదు.

మీ కంపెనీ ఆర్ఎస్‌యూలు (జీతంతో పాటు విడతలుగా ఇచ్చే కంపెనీ షేర్లు) ఇచ్చి ఉంటే అదీ చూసుకోండి. కాలిఫోర్నియాలో ఉండగా గ్రాంట్ అయి, డాలస్ వెళ్లాక వెస్ట్ అయినవాటిలో (అంటే మీ చేతికి వచ్చినవాటిలో), గ్రాంట్ నుంచి వెస్ట్ దాకా మీరు కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల వంతు మీద అక్కడ పన్ను కట్టాలి. ఒకటి రెండేళ్లు నాన్‌రెసిడెంట్ రిటర్ను వేస్తూనే ఉంటారు.

పాప ఇప్పుడు ఆరో తరగతి, అంటే కాలేజీకి ఏడేళ్ల టైముంది. కాలిఫోర్నియా వదిలేస్తే బర్కిలీ, యూసీఎల్ఏ లాంటివి మీకు బయటి రాష్ట్రం అవుతాయి. 2025-26లో కొత్తగా చేరిన బయటివాళ్లు ట్యూషన్ పైన అదనంగా కట్టింది ఏడాదికి 37,602 డాలర్లు. నాలుగేళ్లకి అది ఎంతో మీరే వేసుకోండి, పదేళ్ల ట్యాక్స్ ఆదా ఒక్క దెబ్బకి హరీ. టెక్సాస్‌లోనూ మంచి యూనివర్సిటీలు లేకపోలేదు. యూటీ ఆస్టిన్ రాష్ట్రంలోని విద్యార్థులకు చవక, కానీ దానిలో నేరుగా సీటు రావాలంటే 2026 ఫాల్ నుంచి హైస్కూల్ క్లాసులో మొదటి 5 శాతంలో ఉండాలి. ఫ్రిస్కో, కాపెల్ బడుల్లో మన పిల్లల మధ్య ఆ 5 శాతంలోకి రావడం ఎంత టెన్షనో అక్కడి తల్లిదండ్రుల్ని అడగండి. పాపకి ఏం చదవాలని ఉందో ఇప్పుడే తెలియదు కాబట్టి దీన్ని లెక్కలో వేయమనను, మర్చిపోవద్దంటాను.

నేను మీ స్థానంలో ఉంటే చేసేది: జీతం ఎంతవుతుందో హెచ్ఆర్ నుంచి మెయిల్‌లో తెప్పించుకుంటాను. కోత ఐదు శాతం లోపు అయితే స్కూలు సెలవుల్లో మారిపోయి, తోడల్లుడి ఇంటికి అరగంట దూరంలో ఓ ఏడాది అద్దెకుంటాను. ఒక వడగళ్ల సీజన్, ఒక ఆగస్టు గడిచాక ఇల్లు కావాలో వద్దో చూస్తాను. కొనేటప్పుడు ఇంటి కంటే ముందు ఆ అడ్రస్‌కి మడ్, పిడ్ ఉన్నాయా, మొత్తం రేటెంత అన్నది అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో చూస్తాను.

వీటన్నిటికంటే ముందు కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఫ్రీమాంట్ నుంచి డాలస్ అంటే మెట్రో ఏరియా మారినట్టే, మీరు అక్కడ పనిలో చేరకముందే హెచ్1బీ అమెండ్‌మెంట్ ఫైల్ చేయాలి. ఐ140 అప్రూవ్ అయింది కాబట్టి ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డ్ క్యూలో మీ స్థానం) మీకే ఉంటుంది, కానీ మీ పెర్మ్ (గ్రీన్ కార్డ్‌కి మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్) బే ఏరియా ఉద్యోగానికి చేసినది. డాలస్ ఉద్యోగానికి పెర్మ్ మళ్లీ మొదట్నుంచి చేయాల్సి రావొచ్చు. కంపెనీ దాన్ని చేస్తుందా, ఎప్పుడు మొదలుపెడుతుంది, ఖర్చు ఎవరిది అన్నది రాతలో వచ్చేదాకా ఫ్రీమాంట్ అపార్ట్‌మెంటుకి నోటీసు ఇవ్వకండి.